జేబుల్లేని కోటు

ఇల్లు, కుట్టు గది
వానలు మొదలైన వారం

ఇంజినీరమ్మకు,

నిన్న ఫోనులో "తిన్నారా?" అన్నావు. "తిన్నాను, మరి నువ్వో?" అనేలోపు "ఇక్కడ ఫ్యాను అరుస్తోంది, ఏం వినపడటం లేదు" అని పెట్టేశావు. పెళ్లయిన కొత్తలో నువ్వు మొదటి సైటుకు బయల్దేరిన నాటి నుంచీ ఇంతే. ఫోను తిండికీ నిద్రకీ. మిగతావన్నీ ఉత్తరాల్లో. పోనీలే, ఫోనులో పోట్లాడుకుంటే నువ్వే గెలుస్తావు. ఉత్తరంలో నా వాక్యం పూర్తయ్యేదాకా నువ్వు ఆగాలి కదా.

ఇక్కడ విశేషాలు. అమ్మ గది కిటికీ రెక్క తడికి ఉబ్బి మూతపడలేదు. వడ్రంగిని పిలిచి చెక్కించాను. అమ్మ పోయి ఏడాది కావస్తోంది, ఇంకా ఆ గదిలోకి వెళ్తే "చెప్పులు బయట విడిచావా?" అని అడుగుతుందేమో అనిపిస్తుంది. పనిలో పని, గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేయించి, ఒక బల్లా కుర్చీ కూడా చేయించాను. నిన్ను అడగలేదు. ఇంట్లో ఉన్నవాళ్లదే నిర్ణయం, లేనివాళ్లు నోరెత్తకూడదు అని మనం పెట్టుకున్న పద్ధతే కదా.

అమ్మాయి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు అయిపోయాయి. ఫోను చేసి "నాన్నా, అమ్మ ఇప్పుడు ఏ మోటారు దగ్గరుంది?" అంది. పేపరు మిల్లులో అన్నాను.

ఏటా వానలు రాగానే నీకు సైటు కోటు కుడతాను కదా. ఈ ఏడాదిది పార్శిల్లో పంపుతున్నాను. కొంచెం వేరే రకంగా కుట్టాను. భుజాల దగ్గర పట్టేస్తే రాయి.

నీ
దర్జీ

*

పేపరు మిల్లు అతిథి గృహం, మేడ మీద చివరి గది

దర్జీ గారికి,

ముందు గది సంగతి. ఎప్పటిలాగే వచ్చీ రాగానే మంచం జరిపాను, మన ఇంట్లోలా కిటికీ ఎడమ చేతి వైపు వచ్చేలా. లేకపోతే పొద్దున లేచి గోడలోకి నడుస్తానని మీకు తెలుసు. ఇక్కడి కాపలాదారు తలుపు దగ్గర నిలబడి చూసి, "మంచం బాగోలేదామ్మా?" అన్నాడు. బాగానే ఉంది నాయనా, అది ఉన్న దిక్కే బాగోలేదు అన్నాను.

ఇక పని. తడి కాగితం ఆరే గదిలోంచి ఆవిరిని లాగేసే పెద్ద ఫ్యాను ఇది. నిలువునా మనిషంత రెక్కలు. తిరగడం మొదలెడితే మెట్లు కూడా వణుకుతున్నాయి. రెక్కల బరువు సమంగా లేదని నాకంటే ముందు వచ్చినవాళ్లు తలా ఒక ఇనుప ముక్క అతికించి పోయారు. ఒకడు పెట్టిందానికి ఎదురుగా ఇంకొకడు. ఇక్కడి ఫోర్‌మన్‌ను అందరూ నిదానం గారు అంటారు, ఏమడిగినా "నిదానం మేడం" అంటాడు కాబట్టి. నేను ఆ ముక్కలన్నీ ఊడబీకించాను. ఆ ఒక్కసారీ ఆయన నిదానం అనడం మర్చిపోయాడు.

కోటు అందింది. భుజాలు అచ్చంగా సరిపోయాయి. మీ చేతిలో కొలత తప్పడం నేను ఎన్నడూ చూడలేదు. అందుకే అడుగుతున్నాను, జేబులేవి?

ఎడమ రొమ్ము మీద టార్చి జేబు లేదు. నడుం దగ్గర స్పానరు జేబు లేదు. బేరింగు మీద ఆనించి చెవికి పెట్టుకుని వినే నా ఇనుప కడ్డీ కోసం తొడ పక్కన పొడుగ్గా కుట్టే జేబు అసలే లేదు. రెండు జేబులు కనిపిస్తున్నాయి కానీ, చెయ్యి పెడితే వేళ్లు గుడ్డకే తగిలాయి. పైన మడత కుట్టి, లోపల సంచి వెయ్యకుండా వదిలేశారు. పైగా ఉన్ని గుడ్డ. అది వేసుకుని ఫ్యాను దగ్గరికి వెళ్తే నిదానం గారు నన్ను కిందికీ పైకీ చూసి, "మేడం ఇవాళ పెళ్లికి వెళ్తున్నట్టున్నారు" అన్నాడు.

మీరు జేబు మర్చిపోయే మనిషి కాదు. కావాలనే కుట్టలేదు. ఏం దాస్తున్నారు? అత్తయ్య గదిలో ఆ బల్లా కుర్చీ ఎవరికి?

మీ
ఇంజినీరు

*

ఇల్లు, వంటింటి బల్ల

ఇంజినీరమ్మకు,

దాస్తే దాగేదా? అడిగావు కాబట్టి నేరుగా చెప్తున్నాను.

మీ పెద్ద మేనేజరు ఇంటికి ఫోను చేశాడు. "మేడం ఫోను ఎత్తడం లేదండీ. హెడ్డాఫీసులో శిక్షణ విభాగానికి పెద్దగా వేద్దామనుకుంటున్నాం. సొంత గది, సొంత అటెండరు. ఇక ఊళ్లు పట్టుకుని తిరగక్కర్లేదు. ఒప్పుకుంటారంటారా?" అన్నాడు.

"ఒప్పుకుంటుంది. వేసెయ్యండి" అన్నాను.

ఫోను పెట్టేసి కాఫీ కలుపుకున్నాను. మర్నాడు వెళ్లి ఉన్ని గుడ్డ కొన్నాను. ఆఫీసు కోటుకు జేబుల్లో సామాను పెడితే వేలాడుతుంది, అందుకే సంచులు వెయ్యలేదు. చేతులు పెట్టుకుని నిలబడటం నీకెలాగూ రాదు.

నువ్వు ఎగిరిపడతావని తెలుసు. అందుకే పద్ధతి గుర్తు చేస్తున్నాను. ఇంట్లో ఉన్నవాళ్లదే నిర్ణయం. అమ్మాయిని ఏ బడిలో వెయ్యాలో నేనే తేల్చాను, నువ్వు ఎక్కడో సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నావు. అమ్మ తుంటికి ఆపరేషను చేయించాలా వద్దా అన్నప్పుడు సంతకం నేనే పెట్టాను. నేను గుడ్డలు కొనడానికి ఊరెళ్లి వచ్చేసరికి నువ్వు నా స్కూటరును తుక్కువాడికి ఇచ్చేశావు. ఒక్క మాటన్నానా? కొన్నాళ్లు మాట్లాడలేదు, అంతే.

నువ్వు ఇంటికి రావడం ఇంటి విషయమా, కాదా? అయితే అందులో నిర్ణయం నాది. హెడ్డాఫీసు మన వీధి చివర బస్సెక్కితే రెండో స్టాపు. బల్లా కుర్చీ నీకే.

నీ
దర్జీ

*

పేపరు మిల్లు, ఫ్యాను పక్కన, బోర్లించిన డబ్బా మీద కూర్చుని

మహారాజశ్రీ దర్జీ గారి దివ్యసముఖమునకు,

తమరు నా కాళ్లకు కూడా కొలతలు తీసి, కత్తిరించి, కుట్టేసినందుకు ధన్యవాదాలు.

స్కూటరు ఇంటి వస్తువు. గోడ ఇంటి వస్తువు. నా పని ఇంటి వస్తువు కాదు. అత్తయ్య గదికి రంగు వేసినంత సులువుగా నాకు రంగు వేసేద్దామనుకున్నారా?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ పెద్దల్లో ఎవరూ ఫ్యాను బిగించి ఉండరు. నేను రచ్చలోనే మొదలుపెట్టాను. మొదటి సైటులో నన్ను చూసి, "ఇంజినీరు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగారు. సాయంత్రానికి మిషను తిరిగింది, ఇక అడగలేదు. తర్వాత సైటులో మళ్లీ మొదలు. ఏ ఊళ్లోనూ నిన్నటి గెలుపు చెల్లదు. అది నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతోంది.

నేను పడుకున్న గదులన్నీ తెచ్చి పక్కపక్కన నిలబెడితే ఒక ఊరవుతుంది. ఆ ఊళ్లో ప్రతి గదిలోనూ నేను వదిలేసిన సబ్బు ముక్క ఒకటి ఉంటుంది. తలుపు వెయ్యగానే తెరుచుకునే బీరువాలు, ఎవరివో వెంట్రుకలున్న దువ్వెనలు, ఊరంతటికీ ఒకటే తాళంచెవి పట్టే గదులు, అన్నీ చూశాను. ఒంటరితనమా, ఉంది. రైలు దిగి నా పెట్టె నేనే లాక్కుంటూ ఏ తలుపు నాదో వెతుక్కోవడం సుఖం కాదు. అమ్మాయి మొదటిసారి తన జడ తనే వేసుకున్నది నేను చూడలేదు. అత్తయ్య ఆఖరి మాట వినలేదు. వాటికి ఏడ్చాను, మీ ముందే ఏడ్చాను. కానీ వాటిని వరసగా పేర్చి, చూశావా, ఇందుకు నువ్వు సిగ్గుపడాలి అంటే మాత్రం పడను. మగవాడు ఊళ్లు తిరిగితే, పాపం ఇంటి కోసం కష్టపడుతున్నాడంటారు. నేను తిరిగితే, పాపం ఇంటాయన అంటారు. ఆ రెండో పాపాన్ని మోయడానికి నేను ఒప్పుకోను.

ఈ ఫ్యాను సంగతి వినండి. రోగం రెక్కల్లో లేదు. నేను దాని కిందికి పాకి వెళ్లి కడ్డీ చెవికి పెట్టుకుని విన్నాను. పునాదిలో ఒక బోల్టు కింద సిమెంటు పగిలి ఉంది. బోల్టు బిగిసినట్టే కనిపిస్తుంది, లోపల పట్టు లేదు. ఇన్నాళ్లూ అందరూ పైన బరువులు పెడుతూ పోయారు. నేను బయటికొచ్చేసరికి ఒళ్లంతా గ్రీజు, మోచేయి చీరుకుపోయింది. అయినా ఆ పూట నన్ను మించిన రాణి లేదు. శిక్షణ విభాగం కుర్చీలో కూర్చుని ఇది ఎవరికి నేర్పను? బొమ్మ గీసి చూపించాలా?

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. నాకు రెండూ ఉన్నాయి, రెండూ బాగా పనిచేస్తున్నాయి. మేనేజరుకు ఇవాళే రాస్తున్నాను, ఆ కుర్చీ నాకు వద్దని. కోటు వెనక్కి పంపను. చలిగా ఉంది, పడుకునేటప్పుడు కప్పుకుంటున్నాను.

ఇంజినీరు

*

ఇల్లు

నీకు,

ఉత్తరం చదివాను. మడిచి పెట్టాను. మళ్లీ తీసి చదివాను. నువ్వు రాసిందాంట్లో ఒక్కటి కూడా తప్పని అనలేను, అదే నా కోపం.

నేను ఎందుకలా చెప్పానో నువ్వు అడగలేదు. జబ్బేమైనా వచ్చిందా అని కూడా అడగలేదు. రాలేదులే. ఒళ్లు బాగానే ఉంది, సూదిలో దారం ఇంకా నేనే ఎక్కిస్తున్నాను. గిరాకీలు వస్తూనే ఉన్నారు. కారణం కోసం వెతకకు. నాకు నువ్వు కావాలి. అంతకన్నా లేదు.

అమ్మ ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఒక గొడవ ఉండేది. ఉప్పెక్కువైందని, రేడియో తగ్గించమని, ఏదో ఒకటి. ఇప్పుడు మిషను ఆపానంటే ఇంట్లో చప్పుడు లేదు. ఒక కోటు పూర్తి చేసి పైకెత్తి పట్టుకుంటాను. చూడు అనడానికి ఎవరూ లేరు. కోట్లు తొడిగి చూసుకునే ఆ కర్ర బొమ్మ ఉంది కదా, నీ కొలతలతో చేయించింది, నీ నడుం పెరిగినప్పుడల్లా దానికీ దూది చుట్టాను. దానితో మాట్లాడుతున్నాను. అదీ జవాబు చెప్పదు, కానీ మధ్యలో ఫోను పెట్టెయ్యదు. ఆ విషయంలో నీకంటే నయం.

ఎదురింటి పిన్నిగారు నిన్న కూడా, "పాపం, ఒక్కడివే వండుకుంటున్నావా నాయనా?" అంది. "మా ఆవిడ ఫ్యాక్టరీలు నడిపిస్తుంది పిన్నిగారూ. మీ ఇంట్లో సీలింగు ఫ్యాను బాగు చేయించడానికి ఎవరూ లేరుగా" అన్నాను. ఆవిడ ముఖం మాడ్చుకుని పోయింది. ఇన్నేళ్లూ నీ తరఫున వీధి వీధంతటితో పోట్లాడుతూనే వచ్చాను. మా అమ్మతోనూ పోట్లాడాను, నీకు తెలియదు. మరి నా తరఫున నీతో పోట్లాడేదెవరు? ఎవరూ లేరు కాబట్టి నేనే పోట్లాడుతున్నాను.

మేనేజరుతో అన్న మాట నేను వెనక్కి తీసుకోను. నీకు వద్దంటే ఆ మాట నువ్వే చెప్పుకో.

దర్జీ

*

పంపింగ్ స్టేషను క్వార్టర్లు
ఎండలు ముదిరిన రోజులు

మీకు,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి కూర్చోవడం, కోపం రావడం, లేవడం. తర్వాత కోపం రాలేదు, అప్పుడు మరీ రాయలేకపోయాను.

పేపరు మిల్లులో పునాది తవ్వి మళ్లీ పోయించాను. ఫ్యాను పూర్తి వేగంలో తిరుగుతుండగా నిదానం గారు బేరింగు మూత మీద ఒక నాణెం నిలువుగా నిలబెట్టాడు. అది పడలేదు. ఆయన, "మేడం, దీన్ని ఇక్కడే ఉంచేద్దాం" అన్నాడు. మీరు పక్కన ఉంటే బాగుండునని అప్పుడు అనిపించింది. చూడు అనడానికి నాకూ ఎవరూ లేరు.

కాదన్నందుకు మేనేజరు ఊరుకోలేదు. శిక్షణ కుర్చీ నా దగ్గర పని నేర్చుకున్న మనిషికే ఇచ్చారు, ఇక నా సెలవుల మీద అతనే సంతకం పెడతాడు. పెట్టనీ. నన్ను ఎవరూ వెళ్లనంటున్న ఈ పంపింగ్ స్టేషనుకు వేశారు. కట్టడం ఇంకా సగంలోనే ఉంది, పంపులన్నీ బిగించి నీళ్లు పారించేసరికి ఏడాది దాటుతుంది. శిక్ష అనుకుని వేశారు. నేను మిఠాయి పెట్టెలా అందుకున్నాను. మీరు కావాలన్నాక కూడా ఒప్పుకున్నాను. క్షమించమని రాయడం లేదు, ఎందుకంటే మళ్లీ అడిగినా ఇదే చేస్తాను.

కానీ ఒకటి ఆలోచించాను. ఇన్నేళ్లలో మీరు నన్ను ఉండిపొమ్మని అడగలేదు. నేను మిమ్మల్ని రమ్మని అడగలేదు. అత్తయ్య ఉండగా అడిగితే అన్యాయం. ఆవిడ పోయాక అడగొచ్చని నాకు తట్టనే లేదు. మీరు ఇంట్లో ఉంటారు, నేను బయట ఉంటాను, గోడకు మేకు కొట్టినట్టు అదలాగే ఉండిపోయింది. అమ్మాయికి ఫోను చేసి ఇదంతా చెప్తే, "మీ ఇద్దరికీ కలిసి ఉండటం ఎలాగో తెలియదమ్మా, అందుకే పద్ధతులు పెట్టుకున్నారు" అంది. అమ్మాయికి నా నోరు వచ్చింది.

అందుకని అడుగుతున్నాను. రండి.

క్వార్టరులో రెండు గదులు. ముందు గదికి తూర్పు వెలుతురు, మధ్యాహ్నం దాకా దీపం అక్కర్లేదు. కిటికీ కింద మీ కుట్టు మిషను పడుతుంది, కొలిచాను. మీ టేపుతోనే కొలిచాను. పోయిందని ఇల్లంతా తిరగేశారే, అదే. ఇక్కడ పనివాళ్లందరి ప్యాంట్లూ మోకాళ్ల దగ్గర చిరిగే ఉన్నాయి, చుట్టుపక్కల దర్జీ అన్నవాడు లేడు. మీకు ఇష్టం లేకపోతే రాకండి. కానీ మీరు రానని నేను మీ తరఫున ఎవరికీ ఫోను చేసి చెప్పను.

మీ
ఇంజినీరు

*

ఇల్లు, సగం సర్దిన కుట్టు గది

ఇంజినీరమ్మకు,

చాలా రోజులు ఊరుకున్నానని సంబరపడకు. రానని రాయడానికే మొదట కూర్చున్నాను. పెళ్లాం వెనక పెట్టె మోసుకుంటూ తిరిగేవాణ్ని కాదు నేను. నా గిరాకీలు, నా వీధి, నా కాఫీ కొట్టు, ఇవన్నీ నీ పంపుల కంటే తక్కువా? నువ్వు నీ కుర్చీ వద్దన్నావు. నా కుర్చీ నేనెందుకు వదలాలి?

ఇదంతా గట్టిగా కర్ర బొమ్మకు చెప్పాను. చెప్తుండగా నాకే నవ్వొచ్చింది.

కాబట్టి వస్తున్నాను, కానీ నా షరతులున్నాయి. నన్ను మేడంగారి భర్త అంటే ఊరుకుంటాను, నిజమే కాబట్టి. మేడంగారితో వచ్చినాయన అంటే మాత్రం ఊరుకోను. తలుపు మీద నా బోర్డు పెడతాను, నీ పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో. నేను కుడుతున్నప్పుడు వచ్చి మిషను చప్పుడు తేడాగా ఉందని కడ్డీ పెట్టి వినకూడదు. నాకు విసుగొస్తే ఇంటికి పోతాను, పోయినప్పుడు ఎందుకని అడగకూడదు.

సైటు కోటు కుట్టాను, అసలైనది. కడ్డీ జేబుకు ఈసారి అడుగున తోలు వేశాను, కడ్డీ పొడుచుకుని రాకుండా. ఆ ఉన్ని కోటు పారెయ్యకు. వచ్చాక దాని కుట్లు విప్పి, ఆ దొంగ జేబులకు సంచులు వేస్తాను. అది కుట్టినప్పటి నుంచీ నాకు చేతులు దురదగానే ఉన్నాయి. జేబు కనిపించి చెయ్యి పట్టకపోవడం దర్జీకి అవమానం.

మిషను లారీలో వేశాను. తాళంచెవి ఎదురింటి పిన్నిగారికి ఇచ్చాను. "మరి ఇంట్లో ఎవరుంటారు నాయనా?" అంది. ఎవరూ ఉండరన్నాను. అన్నాక తట్టింది, ఇంట్లో ఎవరూ లేకపోతే ఇక నిర్ణయం ఎవరిది? ఇన్నేళ్లలో మనకు ఈ సందేహం రాలేదు. నువ్వు జవాబు రాసేదాకా ఆగను, టికెట్టు కొనేశాను. నేను దిగేసరికి జవాబు సిద్ధంగా పెట్టు.

నీ
దర్జీ

*

పంపింగ్ స్టేషను క్వార్టర్లు, ముందు గది, మిషను మీద పెట్టిన చీటీ

దర్జీ గారికి,

రైలు స్టేషనుకు రాలేదని అలగకండి. ఇవాళే మొదటి పంపు తిప్పుతున్నాం, నేను దాని పక్కనుండాలి. మీ కోసం పని మానేస్తే మీరే వెక్కిరిస్తారు. జీపు డ్రైవరుకు మిమ్మల్ని ఎలా గుర్తుపట్టాలో చెప్పాను, మెడలో టేపు వేసుకుని దిగే మనిషి అని. పాతది నా దగ్గరుంది కాబట్టి కొత్తది కొనుక్కునే ఉంటారు.

మీ మిషను నిన్న లారీలో భద్రంగా దిగింది. కిటికీ కింద పెట్టించాను. కడ్డీ పెట్టి వినలేదు. తలుపు మీద బోర్డుకు మేకులు కొట్టించాను, రెండు బోర్డులకూ.

లోపలి గదిలో అడుగుపెట్టేటప్పుడు జాగ్రత్త. మంచం దారికి అడ్డంగా ఉంటుంది. నేను వచ్చిన రోజు కూలీలు ఎక్కడ దింపారో అక్కడే వదిలేశాను. కిటికీ కుడి పక్కన వచ్చింది. రోజూ పొద్దున గోడలోకి నడుస్తున్నాను, మోకాలు కమిలిపోయింది. జరపాలని చేతులు పీకుతూనే ఉన్నాయి, జరపలేదు.

మీరడిగినదానికి జవాబు అదే. ఇంట్లో ఉన్నవాళ్లదే నిర్ణయం. ఇప్పుడు ఇంట్లో ఉన్నది మీరు. మంచం ఏ దిక్కున వెయ్యాలో మీరే వేసి ఉంచండి. పంపు తిరగగానే వస్తాను.

మీ
ఇంజినీరు